సెల్‌ఫోనులో మన అక్షరం: ఆండ్రాయిడ్ వెలువడిన వైనం

ఈనాడు మన మారిషస్ దీవిలో సెల్‌ఫోను లేని ఇల్లు చాలా అరుదు. అవ్వ చేతిలో ఒకటి, మనుమరాలి చేతిలో ఒకటి. బడి సమాచారం, బజారు బేరం, పెళ్ళి పిలుపు, చావు కబురు అన్నీ అందులోనే వస్తున్నాయి. అయితే ఆ ఫోనును నడిపే ఏర్పాటును ఎవరు తయారుచేశారు? దానికి మన లిపి ఎలా తెలిసింది? దానిని మార్చే హక్కు ఎవరికి ఉంది? ఈ ప్రశ్నలు మనలో చాలామంది వేసుకోరు. కాని వేసుకోవలసిన అవసరం ఉంది. భాష బడిలో బతికితే చాలదు. మనిషి రోజంతా చేత పట్టుకునే వస్తువులో కూడా దానికి చోటు దొరకాలి.

సుమారు పదిహేనేళ్ళ క్రిందటి మాట గుర్తుచేసుకోండి. ఆంధ్రదేశం నుండి ఎవరైనా తెలుగు లిపిలో ఉగాది శుభాకాంక్షలు పంపితే, చాలా ఫోనులలో అక్షరాలకు బదులు వరుసగా ఖాళీ గడులు కనిపించేవి. ఇప్పుడు అవే మాటలు వత్తులతో, గుణింతాలతో చక్కగా కనిపిస్తున్నాయి. ఈ మార్పు వెనుక ఉన్న కారణాలలో ముఖ్యమైనది 2008లో అమెరికాలో వెలువడిన ఆండ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్. అది ఎలా వెలువడిందో, అందులో తెరిచి ఉంచినది ఎంతో, మూసి ఉంచినది ఎంతో, మనబోటి చిన్న సమాజానికి దానితో ఏమి పనో ఈ వ్యాసంలో వివరించడానికి ప్రయత్నిస్తాను.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి?

ఫోను విప్పి చూస్తే గాజు పలక, బ్యాటరీ, చిన్న చిన్న చిప్పులు కనిపిస్తాయి. వాటిని విడివిడిగా బల్లమీద పెడితే అవి ఏ పనీ చేయలేవు. వేలు ఎక్కడ తాకిందో గుర్తించాలి. గొంతును అవతలివారికి చేర్చాలి. తీసిన ఫొటోను దాచాలి. నాలుగు పనులు ఒకేసారి జరుగుతుంటే దేనికి ఎంత వంతు ఇవ్వాలో తేల్చాలి. ఈ పనులన్నీ చేయించే ఆజ్ఞల సముదాయమే ఆపరేటింగ్ సిస్టమ్.

అక్షరాలను తెరమీద గీయడం కూడా చాలావరకు దీని పనే. మనం వాడే యాప్‌లు సాధారణంగా తామే అక్షరాలు గీయవు. “ఈ వాక్యం చూపించు” అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతాయి. దానికి తెలుగు తెలిస్తే తెలుగు కనిపిస్తుంది. తెలియకపోతే ఖాళీ గడులే గతి. కాబట్టి ఫోనులో మన భాష ఉండటమా, లేకపోవడమా అన్నది ఈ ఆజ్ఞలు రాసేవారి చేతిలో ఉంది.

మూలపాఠాన్ని తెరవడం అంటే

ఆ ఆజ్ఞలను రాసేది మనుషులే. వారు రాసిన రూపాన్ని సోర్స్ కోడ్ అంటారు. మనం మూలపాఠం అనుకుందాం. దానిని యంత్రానికి అర్థమయ్యే ఒకట్లు, సున్నలుగా మార్చి ఫోనులో పెడతారు. మనం ఫోను కొన్నప్పుడు మనకు వచ్చేది ఈ రెండవ రూపమే. దానిని వాడుకోగలం గాని, చదివి అర్థం చేసుకోలేము.

మన రామభజన కూటాలను తలచుకుంటే ఇది సులభంగా తెలుస్తుంది. భజన పాట ఒకటి గ్రామఫోను రికార్డులో ఉందనుకోండి. ఎన్నిసార్లయినా వినవచ్చు. కాని అందులో ఒక చరణం తప్పుగా ఉంటే దిద్దలేము, కొత్త చరణం చేర్చలేము. అదే పాట నోటు పుస్తకంలో రాసి ఉందనుకోండి. ఒకరి పుస్తకం చూసి మరొకరు రాసుకుంటారు. తెలిసినవారు తప్పు దిద్దుతారు. ఇంకొక ఊరివారు తమ బాణీకి తగినట్టు మార్చుకుంటారు. మూలపాఠం మూసి ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ రికార్డు వంటిది. మూలపాఠం తెరిచి ఉన్నది నోటు పుస్తకం వంటిది. ఈ రెండవ రకాన్నే ఓపెన్ సోర్స్ అంటారు.

ఈ ఆలోచన ఆండ్రాయిడ్‌తో పుట్టలేదు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పనిని ప్రకటించాడు. ఎవరైనా చదివి, మార్చి, పంచుకోగలిగిన ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేయడం దాని ఉద్దేశం. 1991లో ఫిన్‌లాండ్ దేశంలోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే కెర్నల్‌ను విడుదల చేశాడు. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. చిప్పులతో నేరుగా వ్యవహరించే భాగం అదే. ఓపెన్ సోర్స్ అన్న పేరు 1998లో వాడుకలోకి వచ్చింది.

న్యూయార్కులో ఒక ఫోను

2000 తరువాతి మొదటి సంవత్సరాలలో ఫోనుల లోపలి ఏర్పాటు ఎక్కువగా మూసి ఉండేది. నోకియా ఫోనులలో సింబియన్, మైక్రోసాఫ్ట్ వారి విండోస్ మొబైల్, వ్యాపారస్తులు ఇష్టపడే బ్లాక్‌బెర్రీ, ఇలా ఎవరి గది వారిది. 2007 జూన్ 29న ఆపిల్ సంస్థ ఐఫోనును అమ్మకానికి పెట్టింది. అది చాలా అందమైన వస్తువు. దాని ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఆపిల్ తప్ప మరెవరూ వాడరాదు.

ఆండ్రాయిడ్ అనే చిన్న సంస్థను 2003లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఆండీ రూబిన్, రిచ్ మైనర్, నిక్ సియర్స్, క్రిస్ వైట్ అనే నలుగురు స్థాపించారు. మొదట వారు కెమెరాలకు ఆపరేటింగ్ సిస్టమ్ చేయాలని అనుకున్నారు. తరువాత ఫోనుల వైపు మళ్ళారు. 2005లో గూగుల్ ఈ సంస్థను కొన్నది. 2007 నవంబరు 5న గూగుల్‌తో కలిపి 34 సంస్థలు ఓపెన్ హ్యాండ్‌సెట్ అలయన్స్ అనే కూటమిని ప్రకటించాయి. అందులో హెచ్‌టీసీ, శాంసంగ్, ఎల్‌జీ, మోటరోలా వంటి ఫోను తయారీదారులు, చిప్పులు చేసే ఇంటెల్, క్వాల్‌కామ్, టెలిఫోను సేవలు నడిపే టీ-మొబైల్, చైనా మొబైల్ వంటివి ఉన్నాయి. ఒక సంస్థ సొత్తుగా ఉండని, ఏ తయారీదారు అయినా తన ఫోనులో పెట్టుకోగల ఏర్పాటు తేవడం తమ లక్ష్యమని వారు చెప్పారు.

2008 సెప్టెంబరు 23న న్యూయార్కు నగరంలో మొదటి ఆండ్రాయిడ్ ఫోనును ప్రదర్శించారు. తైవాన్ దేశపు హెచ్‌టీసీ తయారుచేసిన ఆ ఫోనును అమెరికాలో టీ-మొబైల్ జీ1 అనే పేరుతో అమ్మారు. తెర 3.2 అంగుళాలు మాత్రమే. తెరను ప్రక్కకు జరిపితే క్రింద చిన్న మీటల వరుస కనిపించేది. రెండేళ్ళ ఒప్పందంతో దాని ధర 179 డాలర్లు. గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఆ సభకు వచ్చారు. అయినా అప్పుడు చాలామంది దానిని ఐఫోను పక్కన పెట్టి చూసి, ఇది మోటుగా ఉన్నదే అనుకున్నారు.

అమ్మకం అక్టోబరు 22న మొదలైంది. మన దృష్టిలో అసలు విడుదల దానికి ముందురోజు జరిగింది. 2008 అక్టోబరు 21న ఆండ్రాయిడ్ మూలపాఠాన్ని ఎవరైనా దింపుకొని చదివేటట్లు అందరి ముందు పెట్టారు. ఫోను అమెరికా వారికి మాత్రమే ముందుగా దొరికింది. మూలపాఠం ఆ రోజునే హైదరాబాదు విద్యార్థికి, పోర్ట్ లూయిస్ ఉద్యోగికి, బ్రెజిల్ మెకానిక్కుకు ఒకే విధంగా అందుబాటులోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ళ లోపల ఆ జీ1 ఫోను ప్రదర్శనశాల వస్తువు అయిపోయింది. మూలపాఠం మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంది. 2021 మే నెలలో గూగుల్ చెప్పిన లెక్క ప్రకారం ఆండ్రాయిడ్‌తో పనిచేసే పరికరాలు 300 కోట్లు దాటాయి.

రెండు రకాల షరతులు

తెరిచి ఉంచారు అంటే షరతులు లేవని అర్థం కాదు. ప్రతి మూలపాఠానికి ఒక లైసెన్సు, అంటే అనుమతి పత్రం, ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ముఖ్యంగా రెండు రకాలు ఉన్నాయి.

అడుగున ఉన్న లినక్స్ కెర్నల్‌కు జీపీఎల్ అనే లైసెన్సు ఉంది. భజన పుస్తకం ఇచ్చినవారు ఇలా చెప్పినట్టు: “రాసుకో, మార్చుకో. కాని మార్చినదాన్ని పదిమందికి ఇచ్చినప్పుడు, నీవు మార్చిన పుస్తకాన్ని కూడా వారికి ఇదే షరతు మీద చూపించాలి.” అందుచేత ఫోను తయారీదారులు కెర్నల్‌లో తాము చేసిన మార్పుల మూలపాఠాన్ని బయట పెట్టవలసి ఉంటుంది.

పైనున్న భాగాలలో ఎక్కువ వాటికి అపాచీ అనే లైసెన్సు. ఇది మరింత సడలింపు ఇస్తుంది. “రాసుకో, మార్చుకో, నా పేరు, ఈ పత్రం తీసివేయకు. నీ మార్పులు చూపించడం, చూపించకపోవడం నీ ఇష్టం.” తయారీదారులు ఆండ్రాయిడ్‌ను తొందరగా చేపట్టడానికి ఈ సడలింపు ఒక ముఖ్య కారణం. తమ సొంత మెరుగులు తమ దగ్గరే ఉంచుకోవచ్చు గదా. అయితే అదే సడలింపు వలన ఒక తయారీదారు తన ఫోనులో ఏమి మార్చాడో కొనేవారికి తెలియకుండా పోయే వీలు కూడా కలిగింది.

తెలుగు ఎప్పుడు వచ్చింది?

మొదటి జీ1లో తెలుగు లేదు. దానితో ఇచ్చిన ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. తెరమీద కనబడే కీబోర్డు కూడా లేదు. మీటలపై ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే. తెలుగుకు తలుపు మూడు మెట్లలో తెరుచుకుంది.

మొదటి మెట్టు 2009 ఏప్రిల్‌లో వచ్చిన ఆండ్రాయిడ్ 1.5. అందులో తెరమీద కీబోర్డు పెట్టారు. అంతకంటె ముఖ్యంగా, బయటివారు తయారుచేసిన కీబోర్డులను కూడా ఫోనులో చేర్చుకొనే ఏర్పాటు కల్పించారు. అంటే తెలుగు కీబోర్డు చేయడానికి గూగుల్ అనుమతి కోసం గాని, ఫోను సంస్థ దయ కోసం గాని కాచుకోనక్కరలేదు. అందుకే తరువాతి కాలంలో కేరళలోని స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వంటి స్వచ్ఛంద బృందాల కృషితో ఇండిక్ కీబోర్డు వంటివి వచ్చాయి. మలయాళీలు మొదలుపెట్టిన ఆ కీబోర్డులో తెలుగు కూడా ఉంది. మూలపాఠం తెరిచి ఉంటే ఇరుగుపొరుగు భాషలు ఒకదానికొకటి ఎలా సాయపడతాయో దీని వలన తెలుస్తుంది.

రెండవ మెట్టు అక్షరాలను పేర్చడం. ఇది కష్టమైన పని. ఇంగ్లీషులో ఒక అక్షరం తరువాత మరొక అక్షరం పెట్టుకుంటూ పోతే సరిపోతుంది. మన లిపి అలా కాదు. లోకంలోని లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ అనే ఒప్పందం ఉంది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మన మారిషస్‌లో జరిగాయి. ఆ మరుసటి ఏడే, 1991లో, యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది. అందులోనే తెలుగుకు 128 గడులు కేటాయించారు. ఆ లెక్కన “లక్ష్మి” అన్న పేరు ఫోనులో ఏడు సంఖ్యలుగా దాగి ఉంటుంది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. దాచిన వరుసలో గుడి అన్నిటికంటె చివర ఉంది. తెరమీద మాత్రం అది క మీదకు ఎక్కాలి. ష, మ రెండూ వత్తులై క్రిందికి దిగాలి. ఈ పని చేసే భాగానికి తెలుగు నియమాలు తెలియకపోతే, ఫాంటు ఉన్నా సరే, పొల్లులు విడివిడిగా కనిపించి పేరు ముక్కలు ముక్కలు అవుతుంది.

ఆ మధ్యకాలంలో జనం రకరకాల ఉపాయాలు వెతికారు. ఒపెరా మినీ అనే బ్రౌజరులో సంక్లిష్ట లిపులను బొమ్మలుగా మార్చి చూపించే ఒక ఏర్పాటు ఉండేది. తెలుగు పత్రికలను ఫోనులో చదవడానికి చాలామంది దానిని వాడారు. చివరకు 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1లో తెలుగు, కన్నడ, మలయాళ లిపులను అధికారికంగా చేర్చారు. అక్షరాలను పేర్చే పనికి ఆండ్రాయిడ్ వాడే హార్ఫ్‌బజ్ కూడా ఓపెన్ సోర్సే. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లు కూడా దానినే వాడుతున్నాయి. అందుచేత ఒక చోట తెలుగు వత్తు సరిచేస్తే ఆ మేలు అనేక చోట్లకు ప్రాకుతుంది.

మూడవ మెట్టు ఫాంటులు. ఖాళీ గడులకు సాంకేతికులు టోఫు అని ముద్దుపేరు పెట్టారు. మన చైనీయ మిత్రుల దుకాణాలలో అమ్మే సోయా ముక్కల మాదిరిగా ఉంటాయి గనుక ఆ పేరు. ఏ భాషలోనూ ఆ గడులు కనబడకూడదన్న ఉద్దేశంతో గూగుల్ నోటో అనే ఫాంటుల కుటుంబాన్ని విడుదల చేసింది. టోఫు వద్దు అన్న ఇంగ్లీషు మాటల నుండే నోటో అన్న పేరు వచ్చింది. అందులో తెలుగు ఉంది. అంతేకాక తెలుగువారు తయారుచేసి, ఉచితంగా వాడుకోవడానికి అనుమతి ఇచ్చిన ఫాంటులు కూడా చాలా ఉన్నాయి. వాటి పేర్లు చదివితే మనసు సంతోషిస్తుంది: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, గిడుగు, గురజాడ, సురవరం. భువనవిజయం ఫోనులోకి వచ్చిందన్నమాట.

ఫోనులను పడగొట్టిన అక్షరం

మూసి ఉన్న ఏర్పాటుకూ, తెరిచి ఉన్న ఏర్పాటుకూ భేదం తెలియజేసే సంఘటన ఒకటి 2018 ఫిబ్రవరిలో జరిగింది. అందులో కథానాయకుడు తెలుగు అక్షరమే.

జ్ఞానం అన్న మాటలోని “జ్ఞా” అక్షరాన్ని ఒక ప్రత్యేక వరుసలో, కంటికి కనబడని ఒక విడదీత గుర్తుతో కలిపి పంపితే, ఐఫోనులో దానిని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. కొన్ని సందర్భాలలో ఫోను మళ్ళీ మళ్ళీ ఆగిపోయేది. లోకమంతటా పత్రికలు “తెలుగు అక్షరం ఐఫోనును పడగొట్టింది” అని రాశాయి. చాలామంది విదేశీయులు తెలుగు అన్న పేరు మొదటిసారి విన్నది ఇలాగే. నిజానికి తప్పు అక్షరానిది కాదు. అక్షరాలను పేర్చే భాగంలో లోపం ఉంది. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలకు కూడా అదే గతి పట్టింది.

బయటి నిపుణులు రకరకాల వరుసలు పరీక్షించి కారణాన్ని చాలావరకు పట్టుకున్నారు. కాని ఆ భాగం మూలపాఠాన్ని చూడలేకపోయారు, సరిచేయలేకపోయారు. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసేవరకు అందరూ ఆగవలసి వచ్చింది. ఆపిల్ త్వరగానే స్పందించిందని ఒప్పుకోవాలి. వార్త లోకమంతా ప్రాకింది గనుక త్వరగా జరిగింది. ఫోను పడిపోకుండా, ఒక్క వత్తు మాత్రం వంకరగా కనబడుతూ ఉంటే, దాని గురించి అంత తొందర ఎవరికి ఉంటుంది? చిన్న భాషల లోపాలు ఎక్కువగా ఈ రెండవ రకానివే. అటువంటప్పుడు ఆ భాష తెలిసినవారే మూలపాఠం తెరిచి, లోపం ఎక్కడ ఉందో చూపించగలగడం పెద్ద మేలు. ఓపెన్ సోర్స్‌లో లోపాలు ఉండవని నేను చెప్పడం లేదు. లోపాన్ని దిద్దడానికి మనకు కూడా చేయి పెట్టే వీలు ఉంటుందని చెబుతున్నాను.

తెరిచినది ఎంత? మూసినది ఎంత?

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆండ్రాయిడ్ మూలపాఠం తెరిచి ఉంది గాని, మనం దుకాణంలో కొనే ఆండ్రాయిడ్ ఫోను మొత్తం తెరిచి లేదు. ప్లే స్టోరు, మ్యాపులు, జీమెయిల్, యూట్యూబ్, వీటిని నడిపే ప్లే సర్వీసెస్ అనే భాగం, ఇవన్నీ గూగుల్ సొంత ఆస్తి. భజన పుస్తకం అందరిదీ. మైకు, హార్మోనియం, మందిరం తాళంచెవి ఒకరివి. అలా ఉంది ఈ సంగతి.

దీని ఫలితాలు చాలాసార్లు బయటపడ్డాయి. 2009లో సయనోజెన్‌మాడ్ అనే పేరుతో ఔత్సాహికులు ఆండ్రాయిడ్‌ను మెరుగుపరచి పంచుతుండగా, తమ సొంత యాప్‌లను అందులో కలపరాదని గూగుల్ నోటీసు పంపింది. వారు ఆ యాప్‌లను తీసివేసి పని కొనసాగించారు. 2016 చివర ఆ పని ఆగిపోయినా, మూలపాఠం తెరిచి ఉంది గనుక అదే లీనేజ్ ఓఎస్‌గా మళ్ళీ మొలకెత్తింది. 2018 జూలైలో యూరోపియన్ కమిషన్ గూగుల్‌కు 434 కోట్ల యూరోల జరిమానా విధించింది. ప్లే స్టోరు కావాలంటే తమ సెర్చి, తమ బ్రౌజరు కూడా పెట్టాలని తయారీదారులను బలవంతం చేయడం, ఆండ్రాయిడ్‌కు మార్పులు చేసిన వేరే రూపాలతో ఫోనులు అమ్మకుండా అడ్డుకోవడం అందుకు కారణాలలో ముఖ్యమైనవి. 2022లో యూరోపు న్యాయస్థానం ఆ మొత్తాన్ని 412.5 కోట్ల యూరోలకు తగ్గించింది.

2019లో అమెరికా ప్రభుత్వం చైనా దేశపు హువావే సంస్థపై వ్యాపార ఆంక్షలు పెట్టింది. ఆ సెప్టెంబరులో హువావే విడుదల చేసిన మేట్ 30 ఫోనులో ఆండ్రాయిడ్ మూలపాఠం ఉంది, గూగుల్ యాప్‌లు లేవు. తెరిచిన భాగాన్ని ఎవరూ వెనక్కు తీసుకోలేకపోయారు. మూసిన భాగం మాత్రం ఒక్క ఉత్తరువుతో ఆగిపోయింది. తెరిచి ఉండటం అంటే ఏమిటో దీనికంటె స్పష్టమైన పాఠం లేదు.

2025 మార్చిలో గూగుల్ మరొక మాట చెప్పింది. ఇకమీద ఆండ్రాయిడ్ పని అంతా తమ లోపలే జరుగుతుందని, పని పూర్తి అయినప్పుడు మూలపాఠం విడుదల చేస్తామని ప్రకటించింది. పుస్తకం చేతికి వస్తుంది. రాస్తుండగా ప్రక్కన కూర్చుని చూసే వీలు తగ్గింది.

ఆండ్రాయిడ్ ఒక్కటే అని కూడా అనుకోకండి. మొజిల్లా సంస్థ 2013లో ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అనే ఓపెన్ సోర్స్ ఏర్పాటుతో ఫోనులు విడుదల చేయించింది. అవి బజారులో నిలవలేదు. 2015 చివర మొజిల్లా ఆ ఫోనుల పని మానుకున్నది. కాని దాని మూలపాఠం నుండే కాయ్ ఓఎస్ పుట్టి, 2017లో భారతదేశంలో వచ్చిన మీటల జియో ఫోనులో పనిచేసింది. చేసినవారు చేయి వదిలినా, పని మాత్రం మిగిలింది.

మనకేమి పని?

1834 నుండి 1920 వరకు దాదాపు 5 లక్షల మంది భారతీయులు ఒడంబడిక కూలీలుగా ఈ దీవికి వచ్చారు. కొరంగి రేవు నుండి వచ్చినందువలన మనవారిని కొరంగీలు అన్నారు. చదవరాని భాషలో ఉన్న కాగితాలకు వారు వేలిముద్రలు, గీత గుర్తులు పెట్టారు. వారి పేర్లను గుమాస్తాలు తమ చెవికి వినబడినట్టు రోమను లిపిలో రాశారు. అప్పలస్వామి, వెంకటస్వామి వంటి పేర్లు మన జనన పత్రాలలో ఎన్ని రూపాలు ఎత్తాయో మీకు తెలియనిది కాదు. ఆ కాలంలో వారికి వేరే దారి లేదు.

మనకు దారి ఉంది. కొత్త ఫోను తెరవగానే పొడవైన పత్రం ఒకటి వస్తుంది. దాని క్రింద “అంగీకరిస్తున్నాను” అన్న చోట మనం వేలు పెడతాము. చదువుకున్నవారమై ఉండి కూడా చదవము. అందులో గూగుల్‌కు, తయారీదారుకు మన గురించి ఏ సమాచారం ఇస్తున్నామో రాసి ఉంటుంది. కనీసం ఆ భాగమైనా పిల్లలతో కూర్చుని చదవండి. ఏ యాప్‌కు మైకు ఇచ్చామో, ఏ యాప్‌కు చిరునామాల పట్టిక ఇచ్చామో సెట్టింగులలో చూడండి. ఇది మొదటి పని.

రెండవ పని, ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టుకోవడం. సెట్టింగులలో భాషల పట్టికలో తెలుగు ఉంటుంది. మన పిల్లలు తెలుగు తరగతిలో అక్షరాలు నేర్చుకొని, ఇంటికి వచ్చి ఫోనులో రోమను లిపిలో “ఎలా ఉన్నారు” అని రాస్తున్నారు. ఇలా సాగితే మన లిపి పరీక్ష కాగితం మీద మాత్రమే మిగులుతుంది. ముందుగా ఫోనులోని పేర్ల పట్టికలో అమ్మ, నాన్న, అవ్వ, తాత అని తెలుగులో రాయించండి. నాలుగు మాటలే గదా అనుకోవద్దు. రోజుకు పదిసార్లు కంటబడే మాటలవి. రాయడం రాని పెద్దలకు మాట్లాడితే రాసిపెట్టే ఏర్పాటు కూడా ఉంది. గూగుల్ 2017 ఆగస్టులో తెలుగును అందులో చేర్చింది. అయితే ఇది తెరిచిన భాగం కాదు. మన గొంతు వారి యంత్రాలకు వెళ్ళవచ్చునన్న సంగతి తెలుసుకొని వాడుకోవాలి.

మూడవ పని అన్నిటికంటె ముఖ్యమైనది. మీరు ఒక మాట మొదలుపెడితే కీబోర్డు తరువాతి అక్షరాలను సూచిస్తుంది. ఆ సూచనలు ఇదివరకు ఎవరో రాసిపెట్టిన తెలుగు పాఠాల నుండి వస్తాయి. ఆ పాఠాలలో ఎక్కువ భాగం ఆంధ్ర, తెలంగాణలలో రాసినవి. చెరకు తోటలలో మన అవ్వలు వాడిన మాటలు, క్రియోలుతో కలిసి రూపు మారిన మాటలు, అమ్మోరు పండుగ నాటి మాటలు, భజనలో మన ఊళ్ళవారు చేర్చుకున్న చరణాలు అందులో లేవు. యంత్రం వాటిని ఎన్నడూ వినలేదు. ఎవరైనా రాసి, అందరికీ అందే చోట పెడితేనే అవి లెక్కలోకి వస్తాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులోను, దాని తోడు నిఘంటువు విక్షనరీలోను ఎవరైనా రాయవచ్చు. దానికి ప్రోగ్రామింగు రానక్కరలేదు. తెలుగు రాయడం వస్తే చాలు.

మనలో కొందరు పిల్లలు విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రం చదువుతున్నారు. వారికి నా మనవి ఒకటి. ఆండ్రాయిడ్ మూలపాఠం, హార్ఫ్‌బజ్, ఇండిక్ కీబోర్డు, ఇవన్నీ మీ ముందు తెరిచి ఉన్నాయి. కోడు తెలిసినవారు లోకంలో కోట్లమంది ఉన్నారు. కోడుతో పాటు మారిషస్ తెలుగు కూడా తెలిసినవారు మీరు కొద్దిమందే. ఒక యాప్‌లోని మాటలను తెలుగు చేయండి. ఒక వత్తు తప్పుగా కనబడితే, ఆ సంగతి తయారీ బృందానికి రాసి పంపండి. మీ అవ్వ నోట విన్న పది మాటలకు అర్థాలు రాసి పెట్టండి.

భాషా తరగతుల నిర్వాహకులు కూడా ఈ ఏడు పాఠ్యక్రమంలో ఒక్క గంట దీనికి కేటాయిస్తే బాగుంటుంది. ఆ గంటలో పిల్లలందరూ తమ ఫోనులలో తెలుగు కీబోర్డు పెట్టుకోవాలి. తరువాత ప్రతి ఒక్కరు తమ ఇంట్లో మాత్రమే వినబడే ఒక తెలుగు మాటను, దాని అర్థంతో సహా, తెలుగు లిపిలో రాసి ఉపాధ్యాయునికి పంపాలి. ముప్పై మంది పిల్లలు ఉంటే ముప్పై మాటలు. ఒక నిఘంటువు మొదటి పుటకు అవి చాలు.